వానకర్రకు రంగులు ఆఖరున

వంచితే లోపలి గింజలు జారుతూ వాన చప్పుడు చేసే గొట్టమే రెయిన్‌స్టిక్, మన మాటల్లో వానకర్ర. ఇంట్లో దాన్ని తయారుచేయడం ఎలాగో చెప్పే సూచనలు ఎక్కడ చూసినా ఒకే తీరులో ఉంటాయి. అట్టగొట్టం తీసుకోండి, లోపల ఏదో ఒకటి మెలితిప్పి పెట్టండి, గుప్పెడు గింజలు పోయండి, రెండు వైపులా మూసేయండి. లోపలి సంగతి అంతటితో సరి. ఇక అక్కడి నుంచి హడావిడి మొదలవుతుంది. రంగు కాగితాలు, మెరుపుల పొడి, ఈకలు, ఊలు దారాలు, అంచులకు పూసలు. తయారైన వస్తువు చూడముచ్చటగా ఉంటుంది, సందేహం లేదు. వంచి చూస్తే మాత్రం గింజలన్నీ ఒక్క ఊపున జర్రున జారి అడుగున దబ్బున పడతాయి. అందులో వాన లేదు. పిల్లలు ఒకటి రెండుసార్లు ఊపి, గిలక్కాయకూ దీనికీ తేడా కనబడక పక్కన పెట్టేస్తారు.

ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే వానకర్ర ఒక వాద్యం. వాద్యాలను తత, సుషిర, అవనద్ధ, ఘన అని నాలుగు రకాలుగా చెప్పే పాత విభజనలో ఇది ఘనవాద్యాల కోవలోకి వస్తుంది. తీగ లేదు, చర్మం లేదు, ఊదే గాలి లేదు. వస్తువే కంపించి పలుకుతుంది. 1914లో హార్న్‌బోస్టెల్, సాక్స్ అనే ఇద్దరు పండితులు ప్రపంచ వాద్యాలన్నిటికీ కలిపి చేసిన వర్గీకరణలోనూ ఈ తరహా వాద్యాల చోటు అదే. వాద్యం చేస్తున్నప్పుడు తీర్పు చెప్పాల్సింది చెవి. ఇళ్ళలో మనం ఆ తీర్పును పూర్తిగా కంటికి అప్పగించేశాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: రంగులు ఆఖరున వేయాలి, చెవి సరేననే దాకా మూత అతికించకూడదు.

వాన చప్పుడు ఎలా పుడుతుందో కాస్త ఆలోచిస్తే గొట్టం లోపల ఏం చేయాలో దానంతటదే తెలుస్తుంది. చినుకులన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. అర మిల్లీమీటరు నుంచి సుమారు 5 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. అంతకంటే బాగా పెద్దవి గాలి తాకిడికి దారిలోనే చిట్లిపోతాయి. ఒక మిల్లీమీటరు చినుకు సెకనుకు దాదాపు 4 మీటర్ల వేగంతో నేలకు దిగితే, 5 మిల్లీమీటర్ల చినుకు దాదాపు 9 మీటర్ల వేగంతో దిగుతుంది. కాబట్టి ఒక్కో దెబ్బకు ఒక్కో బరువు, ఏది ఎప్పుడు పడుతుందో లెక్క ఉండదు. ఆ లెక్క లేకపోవడమే ఇక్కడ ముఖ్యం. చిటుకు చిటుకుమనే చప్పుళ్ళు సెకనుకు సుమారు ఇరవై దాటితే మన చెవి వాటిని విడివిడిగా పట్టుకోలేదు, కలిపేసుకుంటుంది. అవి సమానమైన ఎడంతో వస్తే ఒక స్వరంలా వినిపిస్తాయి, ఎడం తప్పి వస్తే జల్లులా వినిపిస్తాయి. నీటి మీద పడే చినుకు సంగతి వేరు. అక్కడ వినిపించే టప్పుమనే చప్పుడు చాలావరకు నీటిలో చిక్కుకున్న చిన్న గాలిబుడగ కంపించడం వల్ల వస్తుంది. గొట్టంలో ఆ బుడగ ఉండదు. అందుకే వానకర్ర ఎంత బాగా కుదిరినా చెరువు మీద వానలా పలకదు. ఆకుల మీద, పైకప్పు మీద కురిసే వానలా పలుకుతుంది. ఆశించాల్సింది ఆ వాననే.

ఇప్పుడు లోపల ఏమీ లేని గొట్టం సంగతి చూద్దాం. వంటింట్లో తుడుచుకునే కాగితం చుట్ట అయిపోయాక మిగిలే గొట్టం పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. నిలబెడితే గింజ పై నుంచి అడుగుకు రావడానికి పావు సెకను చాలు. మీటరు పొడవున్న గొట్టమైనా అర సెకను లోపే అంతా అయిపోతుంది. పొడవు నాలుగింతలు చేస్తే పడే కాలం రెండింతలే అవుతుంది మరి. వానను సాగదీయాలంటే పొడవును నమ్ముకుని లాభం లేదు, దారిలో అడ్డంకులు పెట్టాలి. గింజ ఒక అడ్డాన్ని తాకి, ఆగి, పక్కకు దొర్లి, మళ్ళీ పడి, మరోదాన్ని తాకాలి. తాకిన ప్రతిసారీ ఒక చిటుకు. ఆలస్యమూ చప్పుడూ ఒకే చోట పుడతాయి. అడ్డంకులు సరిగ్గా కుదిరితే అదే మీటరు గొట్టం, కాస్త వాలుగా పట్టుకుంటే, పది సెకన్లకు పైగా కురుస్తుంది.

అడ్డంకులుగా నేను మేకులనే వాడతాను. అట్టగొట్టాన్ని దగ్గరగా చూడండి. దాని మీద ఒక సన్నని అతుకు గీత మెలి తిరుగుతూ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోతుంది. కాగితపు పట్టీలను ఏటవాలుగా చుట్టి అతికించి గొట్టం చేస్తారు కాబట్టి ఆ గీత ఏర్పడుతుంది. మనకు కావలసిన దారి ముందే గీసి ఉందన్నమాట. ఆ గీత వెంట సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఎడంలో చుక్కలు పెట్టుకుని ఒక్కో చుక్క దగ్గర ఒక్కో మేకు దింపాలి. మేకు పొడవు గొట్టం వ్యాసం కంటే కొంచెం తక్కువ ఉండాలి. 4 సెంటీమీటర్ల గొట్టానికి మూడు, మూడున్నర సెంటీమీటర్ల మేకు సరిపోతుంది. మరీ పొట్టిదైతే ఎదుటి గోడ పక్కన ఖాళీ మిగిలి గింజలు అందులోంచి జారిపోతాయి. పొడవైతే అవతలి గోడను చీల్చుకుని బయటకు వస్తుంది, చేతికి గుచ్చుకుంటుంది. అట్ట పలచనైతే సుత్తి అక్కర్లేదు, బొటనవేలితో నొక్కితే దిగుతుంది. మందమైతే ముందుగా లావుపాటి సూదితో చిల్లు పెట్టుకోవాలి, లేకపోతే సుత్తి దెబ్బకు గొట్టం సొట్ట పడుతుంది. పిల్లలతో కలిసి చేస్తుంటే ఈ పని పెద్దవాళ్ళదే.

సగం దాకా వచ్చాక ఒక కన్ను మూసి గొట్టాన్ని వెలుతురు వైపు పట్టుకుని లోపలికి చూడండి. మేకులు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా దిశ మార్చుకుంటూ, కోట బురుజులోని మెలికల మెట్లలా తిరుగుతూ పోతుంటాయి. అవతలి చివర వెలుతురు చిన్న చిన్న ముక్కలుగా కనబడుతుంటే దారి బాగా కుదిరినట్టు. ఒకచోట పెద్ద ఖాళీగా కనబడితే గింజలకు అక్కడ అడ్డు లేదని అర్థం. ఆ వైపు నుంచి రెండో మెలిక మొదలుపెట్టాలి. మేకులను ఒకే నిలువు వరుసలో కొట్టేవారు చాలామంది ఉన్నారు. అలా కొడితే అన్నీ ఒకే దిశలో నిలబడి, రెండు పక్కలా రెండు తిన్నని కాలువలు తెరుచుకుంటాయి. గింజలు ఆ కాలువ పట్టుకుని నేరుగా దిగిపోతాయి. అప్పుడు ఎన్ని మేకులు కొట్టినా ఫలితం ఉండదు. అన్నీ దిగాక గొట్టం చుట్టూ వెడల్పాటి టేపు బిగించి చుట్టాలి. తలలు ఊడి రాకుండా ఉండటం ఒక కారణం. రెండోది నాకు ఇంకా ముఖ్యం: మేకు వదులుగా ఉంటే గింజ తగిలినప్పుడు అది కదిలి దెబ్బను మింగేస్తుంది, బిగుతుగా ఉంటే స్పష్టంగా టిక్కుమంటుంది.

ఇది చాలామంది చేతులు దాటి వచ్చిన తెలివి. చిలీ దేశపు ఉత్తరాన ఉన్న మెట్ట నేలల్లో ఈ వాద్యాన్ని కాక్టస్ కాండంతో చేస్తారు. అక్కడ కొపావ్ అని పిలిచే నిలువెత్తు కాక్టస్ ఒకటి ఉంది. చచ్చి ఎండిపోయిన కాండాన్ని తెచ్చి, ముళ్ళను పీకి, వాటినే మొన లోపలికి ఉండేలా తిరిగి దిగగొడతారు. లోపలి బోలులో చిన్న గులకరాళ్ళు పోసి చివరలు మూసేస్తారు. ఆ దేశపు ఉత్తరపు కొసన ఉన్న అరీకా నగరంలో ఏడాదికి సగటున ఒక మిల్లీమీటరు వాన కూడా పడదు. అంత ఎండు నేలలున్న దేశం నుంచి ఈ చప్పుడు మన చేతికి వచ్చింది.

వానకర్ర మొదట ఎవరిదన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. దక్షిణ అమెరికా ఆదివాసులైన మపూచేలదని, దియాగీతాలదని, మెక్సికోకు చెందిన అజ్టెక్‌లదని రకరకాలుగా చెబుతారు. అయినా అమ్మకానికి పెట్టిన వానకర్రల మీద వానదేవుణ్ణి పిలిచే ప్రాచీన దండం అన్న చీటీ ఏ సంకోచమూ లేకుండా అంటించేస్తారు. ఆ చీటీ చూసి ఇంట్లో చేసే గొట్టానికి ఈకలు తగిలించడం, ఏ జాతివో తెలియని గీతలు గీసి గిరిజన కళ అనడం నాకు బొత్తిగా నచ్చదు. ఆ చేతుల నుంచి మనం తీసుకోవలసింది ముల్లును లోపలికి తిప్పిన ఆలోచన. దాన్ని పక్కన పెట్టి, వాళ్ళు వేసుకున్నారో లేదో తెలియని అలంకారాన్ని వాళ్ళ పేరు మీద పట్టుకోవడం అన్యాయం.

మేకులు వద్దనుకునేవారికి పంటిపుల్లలు ఉన్నాయి. ఇవి పొడవుగా ఉంటాయి కాబట్టి ఒక గోడలోంచి ఇంకో గోడలోకి ఆరపార గుచ్చి, రెండు చివరలా జిగురు పెట్టి, బయట మిగిలిన మొనలు కత్తిరించేయవచ్చు. చెక్క మీద పడే గింజ మెత్తగా పలుకుతుంది, ఇనుము మీద పడినంత పదును ఉండదు. కొందరికి ఇదే నచ్చుతుంది. చాలా సూచనలు చెప్పే మూడో మార్గం అల్యూమినియం రేకు: గొట్టం పొడవుకు ఒకటిన్నర రెట్లు ముక్క చించి, తాడులా పేని, వేలి చుట్టూ స్ప్రింగులా చుట్టి లోపలికి దింపడం. మొనలు ఉండవు కాబట్టి చిన్నపిల్లలు స్వయంగా చేసుకోగలరు, ఆ మేరకు మంచిదే. కానీ రేకు మెత్తన, వాడుతున్న కొద్దీ నలిగి ఒక పక్కకు ఒదుగుతుంది, దాని ముడతల్లో గింజలు ఇరుక్కుంటాయి. రేకు వాడితే ఒకటి చాలదు, సన్నగా పేనిన స్ప్రింగులు రెండు ఒకదానిలో ఒకటి పెట్టండి.

ఇక గింజలు. అసలు ఆనందం ఇక్కడే ఉంది, అందరూ తొందరపడేదీ ఇక్కడే. గొట్టం ఒక చివర గట్టి అట్టతో మూసి టేపు వేయండి. రెండో చివరకు ఏమీ అతికించకండి, అరచేయి అడ్డం పెట్టుకుంటే చాలు. ఒక చెంచాడు బియ్యం పోసి నెమ్మదిగా వంచండి. సన్నగా, గీరుతున్నట్టు వినిపిస్తుంది. గాలికి చెదిరే తుంపర లాంటిదే తప్ప వాన ఇంకా కాదు. ఆ బియ్యం తీసేసి పెసలు పోయండి. గుండ్రంగా, గట్టిగా ఉంటాయి కాబట్టి ఎగిరి దొర్లుతూ చిటపటలాడతాయి. కందిపప్పు బద్దలు చదునుగా ఉండి మేకు మీద వాలి, తటపటాయించి, ఆపైన జారతాయి. ఇసుక మరీ సన్నం, ఎక్కడా ఆగదు, ఒకే హుష్షుమనే చప్పుడులా వినిపించి అయిపోతుంది. గాజుపూసలకు పదునైన మెరుపు ఉంటుంది, చిన్న గొట్టంలో కాస్త ఎక్కువనిపిస్తుంది. గులకరాళ్ళు మందమైన గొట్టంలోనే బాగుంటాయి. పలచని అట్టలో వాటి బరువుకు గోడే ముందు చప్పుడు చేస్తుంది.

నాకు బాగా నచ్చింది బియ్యంలో కొన్ని పెసలు కలపడం. బియ్యం జల్లు పడుతుంటే నడుమ నడుమ పెసలు పెద్ద చినుకుల్లా పడతాయి. చిన్న గింజలు సందుల్లోంచి ముందుకు జారుకుంటాయి, పెద్దవి మేకుల మధ్య కాసేపు నిలిచి వెనక వస్తాయి. అందుకే ఏ రెండుసార్లూ వాన ఒకే వరుసలో కురవదు. ఈ పాళ్ళు కాగితం మీద రాసి ఇవ్వగలిగేవి కావు. మీ గొట్టం వెడల్పు, మీ మేకుల ఎడం, మీ గింజల సైజు కలిసి నిర్ణయించే సంగతి అది. చెంచా చెంచాగా పోసుకుంటూ, పోసిన ప్రతిసారీ వంచి విని, మళ్ళీ కొంచెం తీసి, ఇంకొకటి కలిపి చూడాలి. రంగులకు కేటాయించే సాయంత్రమంతా దీనికి ఇచ్చేయాలని నేను కోరేది ఇందుకే.

పరిమాణం విషయంలో ఒక హెచ్చరిక. గొట్టాన్ని సగం నింపేవారిని చూస్తుంటాను. ఎక్కువ గింజలంటే ఎక్కువ వాన అనుకుంటారు, జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. గింజలు మేకులకు బదులు ఒకదానికొకటి తగులుకుంటూ గుంపుగా దిగుతాయి, చప్పుడు మొద్దుబారిపోతుంది. పైగా సందు వెడల్పు గింజ వ్యాసానికి ఐదారు రెట్లకు తగ్గితే, గుంపుగా వచ్చిన గింజలు ఒకదానికొకటి ఆని కమాను కట్టి నిలిచిపోతాయి. గొట్టాన్ని తట్టితే గాని కదలవు. నిలబెట్టినప్పుడు అడుగున గొట్టం పొడవులో పదోవంతు గింజలు చేరితే సాధారణంగా చాలు. మూత గురించి కూడా ఒక మాట: గింజలు ఆఖరున వచ్చి పడేది దాని మీదే కాబట్టి, బిగుతైన అట్టమూత డోలు చర్మంలా మోగి మొత్తం జల్లును కప్పేస్తుంది. మూత లోపలి వైపు చిన్న గుడ్డముక్క అతికిస్తే ఆ దబదబలు పోయి దారిలోని చిటుకులు మాత్రం మిగులుతాయి. అంత చిన్న ముక్కతో అంత తేడా వస్తుందని విన్నాక గాని నమ్మబుద్ధి కాదు.

వాయించడం కూడా నేర్చుకోవలసిందే. ఊపకూడదు, వంచాలి. పొడి గింజల కుప్ప ఒక కోణం దాటి వాలినప్పుడే జారడం మొదలుపెడుతుంది. పొడి ఇసుకకు ఆ కోణం 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. నునుపైన, గుండ్రని గింజలకు ఇంకా తక్కువ. గొట్టాన్ని ఆ కోణం దగ్గర పట్టుకుంటే వాన మీ మణికట్టులో ఉంటుంది: వేలెడు పైకెత్తితే చిక్కబడుతుంది, వేలెడు దించితే తెరిపి ఇస్తుంది. మా అక్క కూతురికి గొట్టం చేతికిచ్చినప్పుడు నేను ఈ సంగతి చెప్పలేదు. ముందు గబగబా ఊపింది. తర్వాత ఎందుకో నెమ్మదించి, ఒకచోట ఆపి, "పిన్నీ, వాన ఆగిపోయింది చూడు" అంది. మళ్ళీ కొంచెం వంచింది. ఆ పూటంతా ఆపడం, కురిపించడం, ఆపడం. దాని మీద ఒక్క రంగు గీత కూడా లేదు, లేదన్న ధ్యాస ఆ పిల్లకు రాలేదు.

పిల్లల ఆటకు ఇంత పట్టుదల ఎందుకని అడిగేవారున్నారు. రంగులు పూయడంలో పిల్లలకు సంతోషం ఉంటుంది, నిజమే, దాన్ని లాక్కోమని నేను అనడం లేదు. కానీ పిల్లలకు ఇచ్చేదాంట్లో చప్పుడు ఎలా ఉన్నా ఫరవాలేదనుకోవడం వాళ్ళ చెవులను తక్కువ చేయడమే. పెసలకూ బియ్యానికీ తేడా పట్టుకోవడంలో వాళ్ళు మనకంటే చురుకు. ఇంకొందరు, ఫోనులో గంటల తరబడి వాన చప్పుడు దొరుకుతుంటే ఈ శ్రమ ఎందుకంటారు. ఫోనులోది వేరెక్కడో ఎప్పుడో కురిసిన వాన, చాలాసార్లు అదే ముక్క తిరిగి తిరిగి వస్తుంటుంది. మనం దాన్ని ఆన్ చేయగలం, వంచలేం. కంప్యూటర్‌తో ఇలాంటి చప్పుడును పుట్టించాలని చూసినవారికీ గింజల దారి తేలిగ్గా లొంగలేదు. మరకాస్ వంటి గింజల వాద్యాల శబ్దాన్ని కంప్యూటర్‌లో కూర్చడం మీద 1990ల్లో పనిచేసిన పెర్రీ కుక్, ఒక్కో గింజ ఎటు పోతుందో వెంటాడటం మాని, ఏ క్షణంలో తాకిడి జరిగే అవకాశం ఎంత అన్న సంభావ్యతను లెక్కగట్టే పద్ధతి పట్టాడు. ఆ లెక్క అందని గజిబిజిని అట్టగొట్టం ఊరికే చేసి పెడుతుంది.

పాత ఐరోపా నాటకశాలల్లో తెర వెనుక వానపెట్టె అని ఒకటి ఉండేది. పొడవాటి చెక్కపెట్టెలో అడ్డంగా పలకలో మేకులో బిగించి, ఎండు బఠాణీలు పోసి, అటూ ఇటూ వంచుతుంటే నాటకంలో వాన కురిసేది. ప్రేక్షకులకు ఆ పెట్టె కనబడదు కాబట్టి దానికి రంగు వేయాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు. హాలు చివరి వరుసలో కూర్చున్న మనిషికి వాన అనిపించిందా లేదా అన్నదే వాళ్ళ పరీక్ష. ఇంట్లో చేసేవారికి అంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. ఎవరినైనా కళ్ళు మూసుకోమని, ఏమి చేస్తున్నామో చెప్పకుండా, పక్క గదిలోంచి వంచండి.

ఇన్ని చూసుకుని చప్పుడు కుదిరాక కూడా రెండో మూతను జిగురుతో అతికించవద్దనే నా సలహా. మూడేళ్ళ లోపు పిల్లలు ఉన్న ఇల్లైతే వేరు. గింజ గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, అక్కడ రెండు మూతలూ ఊడిరాకుండా బిగించాల్సిందే, గొట్టాన్ని పెద్దవాళ్ళ కంటి ఎదుటే ఇవ్వాలి. మిగతా ఇళ్ళలో మందమైన గుడ్డముక్క కప్పి రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేస్తే సరిపోతుంది. బియ్యానికీ పప్పులకూ పురుగు పడుతుంది, తేమ పట్టి మెత్తబడితే చప్పుడు చప్పబడుతుంది. అప్పుడు విప్పి, పాతవి పారబోసి, కొత్తవి పోసుకోవచ్చు. ఈసారి వేరే పాళ్ళు ప్రయత్నించవచ్చు.

రంగుల విషయానికొస్తే, టేపు మీద పలచని కాగితం ఒక్క పొర చుట్టి దాని మీద ఎన్ని బొమ్మలైనా వేసుకోండి. ఊలు, మందపాటి గుడ్డ, పొరలు పొరలుగా పూసిన జిగురు మాత్రం పలచని గోడను కంపించనివ్వవు. అంతా ఆరాక మరోసారి వంచి వినండి, చప్పుడు మందగించి ఉంటే ఆ పై పొర తీసేయండి.